గాలాపగోస్ పడమటి దీవులు: చిన్న ఓడలో ఒక రోజు గంటగంటకీ ఎలా నడుస్తుంది?

రంభ_పడవ (రంభ, గంజాం)
గాలాపగోస్ (పసిఫిక్‌లో ఈక్వడార్ దేశపు దీవులు) వెళ్తున్నాం. 16 మంది పట్టే ఓడ, పడమటి రూటు. కాయితంలో ఒక రోజుకి ఇలా రాసుంది: ఉదయం ఫెర్నాండినా దీవి పుంటా ఎస్పినోజా, మధ్యాహ్నం ఇసబెలా దీవి పుంటా విసెంటె రోకా. అంతే, ఇంకో ముక్క లేదు. ఎప్పుడు దిగాలి, ఎంత నడక, నీళ్లలోకి ఎప్పుడు, ఏ జంతువు ఏ వేళకి కనిపిస్తుంది? అరవై దాటిన అమ్మ కూడా వస్తుంది, ఆమెకి ఈత రాదు. చిలిక సరస్సులో పడవ ఎక్కడం దిగడం మాత్రం బాగా అలవాటు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బరంపురం_మాస్టారు (బరంపురం)
ముందు ఒక సంగతి. అక్కడ రోజు ఎలా నడవాలో కెప్టెన్ ఇష్టం కాదు, గాలాపగోస్ నేషనల్ పార్కు ఇష్టం. ఏ ఓడ ఏ రోజు ఏ పూట ఏ చోటికి వెళ్లాలో పార్కే రాసిస్తుంది. ఒకే ఓడ 14 రోజుల్లోపు అదే చోటికి రెండోసారి వెళ్లకూడదు. 16 మందికి ఒక లైసెన్సు గైడు తప్పనిసరి, గైడు లేకుండా దీవి మీద అడుగు పెట్టనివ్వరు. పెద్ద ఓడ అన్నా 100 మందికి మించదు. అందుకని "ఇంకో గంట ఉందాం" అనే బేరం అక్కడ నడవదు.

ఇక మీరడిగిన రోజు, సుమారుగా:

రాత్రంతా ఓడ నడిచి తెల్లారేసరికి ఫెర్నాండినా ముందు లంగరు వేసి ఉంటుంది. ఆరున్నర, ఏడు మధ్య ఫలహారం. ఎనిమిదికి, ఒక్కోసారి ఇంకా ముందే, పంగా (ఓడ వెనక కట్టుకొచ్చే మోటారు రబ్బరు పడవ) ఎక్కడం. పుంటా ఎస్పినోజాలో రెండు గంటల నడక. దూరం తక్కువే, కానీ లావా మీద కాబట్టి మెల్లగా సాగుతుంది. పదిన్నర ప్రాంతంలో ఓడకి వచ్చి వెట్‌సూట్ (చలి ఆపే బిగుతు రబ్బరు సూటు) వేసుకుని స్నోర్కెల్ (మాస్కు, ఊపిరి గొట్టంతో నీళ్ల పైన తేలుతూ కిందకి చూడటం). పన్నెండుకి భోజనం, ఆ సమయంలోనే ఓడ బొలీవర్ జలసంధి మీదుగా ఉత్తరానికి సాగుతుంది. ఈ జలసంధిలో బ్రైడ్ తిమింగలాలు, డాల్ఫిన్లు కనబడే అవకాశం ఎక్కువ. భోజనం కాగానే గదిలోకెళ్లి పడుకోకుండా డెక్కు మీద ఉండండి. రెండున్నర, మూడింటికి విసెంటె రోకా. అక్కడ నేల మీద దిగడం ఉండదు. పంగాలో కొండచరియ వెంబడి తిరగడం, స్నోర్కెల్, అంతే. ఐదున్నరకల్లా ఓడ మీద ఉంటారు, ఎందుకంటే సందర్శన స్థలాలన్నీ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే. ఏడింటికి గైడు మర్నాటి గురించి చెబుతాడు, తర్వాత భోజనం. ఆ రాత్రి ఓడ ఇసబెలా ఉత్తరపు కొసన భూమధ్యరేఖ దాటుతుంది.

గోపాల్‌పూర్_తెడ్డు (గోపాల్‌పూర్)
మాస్టారు చెప్పింది నిజం. నాది దిగే పని గురించి. అమ్మగారికి చిలిక అలవాటు అన్నావు కదా తమ్ముడూ, అదొక్కటే నమ్ముకోకు. చిలిక లోతు తక్కువ, కెరటం లేదు. ఇక్కడ ఓడా పైకీ కిందకీ ఊగుతుంది, పంగా ఇంకోలా ఊగుతుంది.

ఎక్కేటప్పుడు: లైఫ్‌జాకెట్ బిగించాలి, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. కెమెరా, సంచి ముందే నావికుడికి ఇచ్చేయాలి. అతను అరచెయ్యి పట్టుకోడు, మోచేతి కింద పట్టుకుంటాడు; నువ్వూ అతని మోచేతి కింద పట్టుకోవాలి. తడిగా ఉన్నా ఆ పట్టు జారదు. పంగా పైకి లేచిన క్షణంలో ఒక అడుగు రబ్బరు గొట్టం మీద, రెండో అడుగు పంగా లోపల, వెంటనే కూర్చోవాలి. ఊగులాటలో మధ్యలో నిలబడి ఆలోచించేవాళ్లే పడతారు.

దిగడం రెండు రకాలు. పొడి దిగుడు అంటే రాయి మీదకో చిన్న మెట్టు మీదకో. తడి దిగుడు అంటే ఒడ్డున మోకాలి లోతు నీళ్లలోకి. తడి దిగుడులో గొట్టం మీద కూర్చుని కాళ్లు రెండూ బయటికి తిప్పి, గైడు "ఇప్పుడు" అన్నాకే జారాలి. దిగాక పంగాకీ ఒడ్డుకీ మధ్య ఒక్క క్షణం కూడా నిలబడొద్దు. వెనక నుంచి కెరటం వస్తే ఆ బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. కాళ్లు విరిగేది అక్కడే.

పుంటా ఎస్పినోజా పొడి దిగుడే, మడచెట్ల మధ్య చిన్న సిమెంటు మెట్టు. అయితే 1975లో అక్కడి నేల భూకంపానికి పైకి లేచింది. అందుకని పాటు (నీళ్లు వెనక్కి తగ్గడం) బాగా ఉన్నప్పుడు మెట్టు దాకా పంగా రాదు, పాచి పట్టిన రాళ్ల మీద దిగాలి. ముందురోజు రాత్రే గైడుని అడుగు: "రేపు ఉదయం పోటా, పాటా?" దాన్ని బట్టి చెప్పులు.

కిమిడి_కుర్రోడు (పర్లాకిమిడి)
చెప్పులా, బూట్లా? ఒక్కటి చెప్పండన్నా, బ్యాగులో జాగా లేదు.

గోపాల్‌పూర్_తెడ్డు
రెండూ కావాలి. వెనక పట్టీ ఉన్న సాండల్ తడి దిగుడుకి. లావా మీదకి అడుగు మందంగా, పట్టు ఉన్న మూసిన బూట్లు. హవాయి చెప్పులు ఓడ మీద తప్ప ఎక్కడా వద్దు. బూట్లు కొత్తవైతే ముందే వేసి మెత్తబరచండి. అడుగున పాత మట్టి, గడ్డిగింజ ఉంటే విమానాశ్రయంలోనే ఆపుతారు.

రుషికుల్య_తాబేలు (గంజాం)
జంతువుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే చాలామంది వెళ్లేది వాటికోసమే, కానీ ఏ వేళకి ఏం చూడాలో తెలీక ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు.

పుంటా ఎస్పినోజాలో దిగిన కాసేపటికే సముద్ర ఇగ్వానాలు (పెద్ద బల్లుల్లాంటివి) కనిపిస్తాయి, ఒకదాని మీద ఒకటి పడుకుని గుట్టలుగా. నల్ల లావా మీద నల్ల ఒళ్లు కాబట్టి మొదట కనిపించవు. అడుగు వేసే ముందు నేల చూడాలి. ఉదయం ఎనిమిదికి అవి చల్లబడి ఉంటాయి, కదలవు. ఎండకి ఒళ్లు 36 డిగ్రీల దాకా కాగాక అప్పుడు మేతకి కదులుతాయి. అందుకే వాటికీ సూర్యుడికీ మధ్య నిలబడి నీడ పడనివ్వకూడదు. ఆడవి, చిన్నవి పాటు సమయంలో బయటపడ్డ రాళ్ల మీద పాచి మేస్తాయి. పెద్ద మగవి మాత్రం మునిగి మేస్తాయి. కాబట్టి పదిన్నర స్నోర్కెల్‌కి ప్రత్యేకమైన విలువ ఉంది: కాగిన మగవి నీళ్లలోకి దిగే వేళ అది. తోక ఊపుకుంటూ వెళ్లి, రాయిని గోళ్లతో పట్టుకుని, మూతి పక్కకి తిప్పి పాచి కొరకడం నీళ్ల కిందే చూడాలి.

మీ మీద తుంపరలా పడితే భయపడకండి, అది ముక్కు దగ్గర గ్రంథి నుంచి చీదే ఉప్పునీరు. కెమెరా అద్దం మీద పడితే మాత్రం వెంటనే మంచినీళ్ల గుడ్డతో తుడవాలి, పొడిగా రుద్దితే గీతలు పడతాయి.

ఎల్ నినో (సముద్రం మామూలు కంటే వేడెక్కే ఏడాది) వస్తే పాచి చచ్చిపోతుంది, అప్పుడు ఇవి ఆకలితో చనిపోతాయి. బతికినవి పొడవు తగ్గుతాయి, ఎముకతో సహా. ఒక్కో జంతువు 20 శాతం దాకా కురచ అయినట్టు శాస్త్రవేత్తలు కొలిచారు. మళ్లీ మేత దొరికాక పెరుగుతాయి.

కొస దగ్గర ఎగరలేని నీటికాకులు. ఇవి ప్రపంచంలో ఫెర్నాండినా, ఇసబెలా తీరాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. మన చిలిక నీటికాకి లాగే ఇదీ మునిగి లేచాక రెక్కలు చాపుతుంది, కానీ ఆ రెక్కలు పీలికల్లా ఉంటాయి. గూడు నాచుతో కడతాయి. పిల్లలు కాస్త పెరిగాక ఆడది వదిలేసి వేరే మగదాన్ని చూసుకుంటుంది, మిగతా పెంపకం తండ్రిదే. గూడు దగ్గర గైడు ఎక్కడ ఆగమంటే అక్కడే ఆగాలి.

ఇంకా: ఇగ్వానాలు గుడ్లు పెట్టే ఇసుక మీద తిరిగే గాలాపగోస్ డేగ, లావా పగుళ్లలో చిన్న కాక్టస్, ఎర్ర పీతలు, సముద్ర సింహాలు. పిల్ల ఇగ్వానాలు బయటికొచ్చే కాలంలో వాటికోసం కాచుకునే పాములు కూడా ఈ చోటే ప్రసిద్ధి, విషం తక్కువ, మనుషుల జోలికి రావు.

కోరాపుట్_కాఫీ (కోరాపుట్)
జంతువులకి రెండు మీటర్ల దూరంలో ఉండాలన్న రూలు సంగతి రాయలేదు అప్పా. జంతువే దగ్గరికొస్తే?

రుషికుల్య_తాబేలు
కదలకుండా నిలబడాలి, తర్వాత మెల్లగా వెనక్కి. ముట్టుకోవడం, తినిపించడం, ఫ్లాష్, డ్రోను అన్నీ నిషేధం. దీవి మీదకి మంచినీళ్లు తప్ప తిండి తీసుకెళ్లకూడదు. సముద్ర సింహం పిల్ల వచ్చి కాలు వాసన చూస్తుంది. దాన్ని ముట్టుకుంటే మన వాసన అంటుకుని తల్లి దాన్ని వదిలేసే ప్రమాదం ఉందని గైడ్లు కచ్చితంగా ఉంటారు. పెద్ద మగది అరుస్తూ ఒడ్డున అటూఇటూ ఈదుతుంటే ఆ చోటు దానిది, దానికీ నీళ్లకీ మధ్య నిలబడొద్దు.

రుషికుల్య మొగలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లకి వచ్చినప్పుడు తెల్ల టార్చి వెయ్యొద్దని ఎంత చెప్పినా సెల్‌ఫోన్లు వెలిగిస్తారు చూడండి, అక్కడ ఆ పని చేస్తే గైడు ఓడకి పంపించేస్తాడు. చిలికలో సాతపడ దగ్గర ఐరావతి డాల్ఫిన్ కనబడగానే నాలుగు పడవలు ఇంజిను ఎత్తి దాని మీదకే పోవడం కూడా గుర్తొస్తుంది. దూరంగా ఇంజిను ఆపి కూర్చుంటే అదే పక్కకి వస్తుందని మనవాళ్లకి తెలియంది కాదు.

కిమిడి_కుర్రోడు
అక్కడ పెంగ్విన్లు కూడా ఉంటాయట, భూమధ్యరేఖ దగ్గర పెంగ్విన్ ఏటి? నీళ్లు వెచ్చగా ఉండాలి కదా. వెట్‌సూట్ నిజంగా కావాలా?

రాయగడ_రాయి (రాయగడ)
కావాలి. పసిఫిక్‌లో భూమధ్యరేఖ వెంబడి ఉపరితలం కింద పడమర నుంచి తూర్పుకి ఒక చల్లని ప్రవాహం వస్తుంది, క్రామ్‌వెల్ ప్రవాహం అంటారు. అది ఫెర్నాండినా, ఇసబెలాల పునాదికి కొట్టుకుని పైకి తన్నుకొస్తుంది. అడుగున ఉన్న పోషకాలు కూడా దానితో పైకి వస్తాయి. అందుకే పాచి, చేపలు, పెంగ్విన్లు, తిమింగలాలు అన్నీ పడమటి వైపే ఎక్కువ. దక్షిణం నుంచి హంబోల్ట్ ప్రవాహం చలువ దీనికి తోడు.

జూన్ నుంచి నవంబరు దాకా చల్ల కాలం, సన్న తుంపర, ఆగస్టు సెప్టెంబరుల్లో సముద్రం కూడా ఎక్కువ కదులుతుంది. అప్పుడు పడమటి వైపు నీళ్లు 18 డిగ్రీల దగ్గరుంటాయి, ఒక్కోచోట ఇంకా తక్కువ. డిసెంబరు నుంచి మే దాకా వెచ్చదనం, మధ్యమధ్య వాన, సముద్రం నెమ్మది. జంతువులు ఎక్కువ చురుగ్గా మేసేది చల్ల కాలంలో. అమ్మగారితో వెళ్లేవాళ్లకి నా ఓటు మార్చి, ఏప్రిల్, మే.

రాళ్ల గురించి రెండు ముక్కలు, ఎవరూ అడగకపోయినా. ఈ దీవులు నాజ్కా ఫలకం (భూమి పైపెంకులో ఒక పెద్ద ముక్క) కింద ఉన్న ఒక వేడిచోటు (లోపలి నుంచి కరిగిన రాయి పైకి వచ్చే చోటు) మీద పుట్టాయి. ఫలకం తూర్పు వైపు జరుగుతోంది. అందుకే తూర్పున ఎస్పన్యోలా, సాన్ క్రిస్టోబల్ పాతవి, అరిగిపోయినవి. పడమర ఫెర్నాండినా పసిది. 1968లో దాని కాల్డెరా (అగ్నిపర్వతం పైనున్న పెద్ద గొయ్యి) అడుగు 350 మీటర్ల దాకా కుంగింది. ఈమధ్య విస్ఫోటనం 2024 మార్చిలో. ఇసబెలాలో వోల్ఫ్ అగ్నిపర్వతం 2022లో, సియెర్రా నెగ్రా 2018లో పేలాయి. పుంటా ఎస్పినోజాలో రెండు రకాల లావా పక్కపక్కనే ఉంటాయి: తాళ్లు పేనినట్టు నున్నగా ఉండే పహోయ్‌హోయ్, గరుకుగా గాజుపెంకుల్లా విరిగే ఆఆ. మొదటిదాని మీద నడవొచ్చు. రెండోదాని మీద చెయ్యి ఆనించి పడితే అరచెయ్యి చీరుకుపోతుంది. మన దక్కను రాతిలోనూ ఈ తాడు లావా ఉంది, కాకపోతే దానికి 6.6 కోట్ల ఏళ్లు.

సిరొంచ_గోదారి (సిరొంచ, గడ్చిరోలి)
స్నోర్కెల్ సామాను గురించి ఎవరూ రాయలేదు కాబట్టి.

మాస్కు: పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి వదిలినా ఊడకపోతే అది మీ కొలత. కారితే పట్టీ బిగించడం తప్పు, ఇంకా వంగి కారుతుంది. కారడానికి మామూలు కారణాలు: తల వెంట్రుక లోపల ఇరుక్కోవడం, మీసం. కళ్లజోడు వాడేవాళ్లకి పవరున్న మాస్కు దొరుకుతుంది, రెండు కళ్లకీ వేర్వేరు పవరు ఉంటే ముందే చెప్పి తెప్పించుకోవాలి. అద్దం మసకబారకుండా పిల్లల షాంపూ ఒక చుక్క రాసి నీళ్లతో ఒకసారి కడగండి.

వెట్‌సూట్: వెచ్చ కాలంలో 3 మిల్లీమీటర్లు, పడమట చల్ల కాలంలో 5. తొడిగేటప్పుడు పాదానికి ప్లాస్టిక్ సంచి తొడిగితే జారుతుంది, గోళ్లతో లాగితే చిరుగుతుంది. వదులుగా ఉంటే నీళ్లు లోపల తిరిగి చలి ఆగదు. అంత బిగువు సూటు వేసుకున్నా 18 డిగ్రీల నీళ్లలో అరగంట దాటితే వణుకు మొదలవుతుంది. వణుకు మొదలైతే చెయ్యి ఎత్తండి, పంగా వెంటే ఉంటుంది.

ఈత రానివాళ్లు: లైఫ్‌జాకెట్ వేసుకుని, పంగా నుంచి వదిలే గుండ్రటి తేలుడు పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టొచ్చు. అయితే మొదటిసారి విసెంటె రోకా లోతులో చెయ్యొద్దు. అంతకుముందు ఏదైనా ఇసుక ఒడ్డున నడుము లోతులో గొట్టంతో ఊపిరి తీయడం సాధన చెయ్యాలి. విసెంటె రోకాలో కొండ నిలువుగా నీళ్లలోకి దిగిపోతుంది. పచ్చతాబేళ్లు గుంపులుగా, అదృష్టం ఉంటే మోలామోలా అనే పెద్ద చేప కూడా. అమ్మగారు పంగాలోనే కూర్చున్నా నష్టమేం లేదు. నీలి కాళ్ల బూబీ పక్షులు, పెంగ్విన్లు, సముద్ర సింహాలు రాతి అంచుల మీదే కనిపిస్తాయి.

కోరాపుట్_కాఫీ
వాంతుల సంగతి? రెండు పొట్టల ఓడ, అదే కాటమరాన్ మేలా, మామూలు ఓడ మేలా?

గోపాల్‌పూర్_తెడ్డు
కాటమరాన్ పక్కలకి ఊగడం తక్కువ. కాబట్టి దాన్నే తీసుకోండి.

బరంపురం_మాస్టారు
పక్కలకి తక్కువే. ఎదురు కెరటంలో కింద దబ్‌దబ్‌మని కొట్టుకుంటుంది, ఆ చప్పుడుకి నిద్రపట్టనివాళ్లు ఉంటారు. నేనైతే ఓడ రకం కంటే గది ఎక్కడుందో చూడమంటాను: కింది అంతస్తు, ఓడ నడిమికి దగ్గర. అక్కడ ఊపు తక్కువ. ఇంజిను చప్పుడు మాత్రం ఉంటుంది. పై అంతస్తు ఖరీదైన గదికే ఊపు ఎక్కువ, ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు.

మాత్ర ఓడ బయల్దేరాక వేసుకుంటే పని తక్కువ. సిన్నరిజిన్ అయితే రెండు గంటల ముందు. రాత్రి ప్రయాణం కాబట్టి భోజనానికి ముందే. మత్తు వస్తుంది, కాబట్టి ఉదయం పంగా ఎక్కే ముందు వేసుకోకండి. బీపీ, గ్లాకోమా, ప్రోస్టేటు మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడిగాకే.

గోపాల్‌పూర్_తెడ్డు
గది మాట ఒప్పుకుంటాను మాస్టారూ. కాటమరాన్ మాట మాత్రం ఒప్పుకోను.

ఛత్రపురం_ఫైలు (ఛత్రపురం)
కాయితాలు. ఈక్వడార్‌కి మనవాళ్లకి ముందుగా వీసా కావాలి, 2019 నుంచి. పాత బ్లాగుల్లో "వీసా అక్కర్లేదు" అని ఉంటుంది, నమ్మొద్దు. అమెరికా మీదుగా టికెట్ తీస్తే విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. యూరప్ మీదుగా అయితే ట్రాన్సిట్ నియమం దేశాన్ని బట్టి వేరు, టికెట్ కొనకముందే చూడండి.

పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా: దీవుల్లో ఆ జబ్బు లేదు. కానీ ఈక్వడార్ ఆ జబ్బున్న దేశాల మన ప్రభుత్వ జాబితాలో ఉంది కాబట్టి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో పసుపు కార్డు (టీకా వేసుకున్న పత్రం) అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది. అధీకృత కేంద్రాల్లోనే వేయించాలి. మన వైపు నుంచి విశాఖ లేదా కోల్‌కతా. అరవై దాటినవాళ్లకి ఈ టీకా దుష్ఫలితాలు కొంచెం ఎక్కువ, అమ్మగారిని ముందు డాక్టరుకి చూపించండి. వద్దంటే మినహాయింపు పత్రం రాయించుకోవాలి.

పార్కు రుసుము 2024 ఆగస్టు నుంచి విదేశీ పెద్దలకి 200 డాలర్లు, పన్నెండేళ్ల లోపు పిల్లలకి 100. ఈక్వడార్‌లో నడిచేది అమెరికా డాలరే. దీవుల్లోకి వెళ్లడానికి కావలసిన ట్రాన్సిట్ కార్డు ఈక్వడార్ నేల మీది కీటోలోనో గయాకిల్‌లోనో దీవుల విమానం ఎక్కేముందు తీసుకోవాలి. అక్కడే సామాను తనిఖీ చేసి సీలు వేస్తారు. పచ్చి పండ్లు, విత్తనాలు, మొక్కలు కుదరవు. ఇంట్లో కట్టిన పచ్చళ్ల సీసాలు పెట్టుకోవడం కంటే కంపెనీ సీలున్న పొడుల పొట్లాలు నయం, అవీ చూపించాలి.

శాకాహారం సంగతి బుకింగ్‌లో ఒకసారి, బయల్దేరే ముందు మళ్లీ ఒకసారి రాయండి. చేప కూడా తినమని విడిగా చెప్పాలి, అక్కడ చేపని మాంసంలో లెక్కెయ్యనివాళ్లు ఉంటారు. ఓడలో కరెంటు 110 వోల్టులు, చదును పిన్నుల ప్లగ్గు. ఫోను, కెమెరా ఛార్జర్లకి అడాప్టరు చాలు, మన నీళ్ల హీటరు రాడ్డు పనిచెయ్యదు.

కిమిడి_కుర్రోడు
లెన్సు?

సిరొంచ_గోదారి
70-300 చాలు. రెండు మీటర్ల దూరంలో ఉన్నదానికి 600 ఎందుకు? ఇంకా దగ్గర ఫోకస్ కుదరక అల్లాడతారు. పంగాలో లెన్సు మార్చొద్దు. నల్ల ఇగ్వానా, నల్ల రాయి ఫ్రేము నిండా ఉంటే కెమెరా ఎక్కువ వెలుతురిచ్చి బూడిదరంగు చేస్తుంది, ఎక్స్‌పోజరు ఒక స్టాపు తగ్గించండి. నీళ్లు చొరని 10 లీటర్ల సంచి, పైభాగం మూడుసార్లు మడిచి బిగించాలి. ఒక్క మడతతో వదిలేస్తే నీళ్లు పోతాయి.

రంభ_పడవ
అందరికీ దండాలు. ఇంకో రెండు: ఎనిమిది రోజుల బదులు నాలుగు రోజుల టూరు తీసుకుంటే ఈ రోజు అందులో ఉంటుందా? సముద్రం బాగోకపోతే ఏం చేస్తారు?

బరంపురం_మాస్టారు
చాలా నాలుగు రోజుల టూర్లలో ఫెర్నాండినా ఉండదు, దూరం ఎక్కువ. ఓడ పేరు, గది బొమ్మలు చూసి డబ్బు కట్టకండి; తేదీల వారీ స్థలాల జాబితా అడిగి అందులో "పుంటా ఎస్పినోజా" అనే మాట చూశాకే కట్టండి. ఒకే ఓడకి రెండు వారాల వలయంలో తూర్పు వారం, పడమటి వారం వేరు.

కెరటం ఎక్కువైతే విసెంటె రోకా స్నోర్కెల్ ఆపి పంగా తిరుగుడు మాత్రం ఉంచుతారు, అదీ కుదరకపోతే మానేస్తారు. పడమటి రూటులో ఇంకో రోజు సాధారణంగా ఉర్బినా బే ఉంటుంది. 1954లో సముద్రపు అడుగు ఒక్కసారిగా పైకి లేచి పగడాలు ఎండలో మిగిలిన చోటు అది. అక్కడ నేల ఇగ్వానాలు, పెద్ద తాబేళ్లు; తడి దిగుడు, నడక కాస్త ఎక్కువ. అమ్మగారి మోకాలు బాగోకపోతే దానికి చిన్న బాట అడగండి, గైడు ఒప్పుకుంటాడు.

రంభ_పడవ
అమ్మ అడగమన్నది ఒకటి. దీవి మీద మరుగుదొడ్డి ఉంటుందా?

రుషికుల్య_తాబేలు
ఉండదు. ఈ రెండు చోట్లా ఎక్కడా లేదు, పొద చాటు మాట ఎత్తనే కూడదు. దిగే ముందు ఓడ మీదే పని చూసుకుని, ఫలహారంతో కాఫీ ఒక్క కప్పుతో ఆపి, మంచినీళ్లు గుక్కలు గుక్కలుగా తాగమనండి. అవసరమైతే మొహమాటపడకుండా గైడుకి చెప్పాలి. వాకీటాకీలో పంగాని పిలిచి ఓడకి పంపిస్తాడు, అది రోజూ జరిగేదే.